మా తమ్ముడు పడుకున్న పడకలు

నేను లాడ్జీ నడిపేవాణ్ణి. అమలాపురం బస్టాండుకి ఎదురుగా, మేడ మీద పదకొండు గదులు. ఏ ఊరెళ్ళినా గుళ్ళూ గోపురాలూ చూడను, గదులు చూస్తాను. అడుగు పెట్టగానే తలెత్తి వెంటిలేటర్ ఉందా లేదా అని వెతుకుతాను. తర్వాత పరుపెత్తి చూస్తాను. దిగినవాళ్ళు మర్చిపోయేవన్నీ పరుపు కిందే ఉంటాయి. ఉంగరాలు, ప్రేమలేఖలు, కోర్టు కాగితాలు, ఒకసారి పళ్ళ సెట్టు కూడా దొరికింది. చుట్టాలింటికెళ్ళినా నీ చెయ్యి ఊరుకోదని మా ఆవిడ తిట్టేది.

కువైట్ వెళ్ళొచ్చావు కదా, ఏదైనా రాయమని ఎందరో అడిగారు. ఏం రాయను నా మొహం? అక్కడి పెద్ద హోటళ్ళు నేను బయటినుంచే చూశాను. ఎనభైల మొదట్లో ఒక ఫిబ్రవరిలో ఆరు రోజులున్నాను. నాలుగు చోట్ల పడుకున్నాను. అలాంటి పడకలు డబ్బిచ్చినా ఏ లాడ్జీలోనూ దొరకవు. వాటిలో మూడింటిలో నాకంటే ముందు మా తమ్ముడు సూరిబాబు పడుకున్నాడు.

వాడు నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. అమ్మా నాన్నా తొందరగా పోయారు. మా ఆవిడ కాపురానికొచ్చేటప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు. ఆమె జడ వేసుకుంటుంటే ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడేవాడు. పెంచింది ఆమే. సల్వా అనే పేటలో ఒక అరబ్బుల ఇంటికి డ్రైవరుగా వెళ్ళాడు. రెండేళ్ళు నిండకుండానే, ఆ జనవరిలో పెట్టెలో తిరిగొచ్చాడు. వైనతేయ గోదావరి ఒడ్డున దహనం చేశాం.

ఎలా పోయాడో వాడి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఉత్తరంలో రాయించాడు. జ్వరంతో పడుకున్న సూరిబాబు మంచం కింద అదే గదిలో ఉండే వంటవాడు బొగ్గుల కుంపటి పెట్టాడు. తలుపు మూసి, తలుపు కింద సందులో బయటినుంచి గోనెసంచి కుక్కి, విందుకి వంట చెయ్యడానికి పెద్దింట్లోకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి బొగ్గు గాలికి ఊపిరాడక మావాడు పోయి ఉన్నాడు. వంటవాడి పేరు ఓబులేసు. కడప జిల్లా, రాయచోటి వైపు మనిషి. పోలీసులు పట్టుకెళ్ళారు. చనిపోయినవాడి అయినవాళ్ళు వచ్చి క్షమించామని కాగితం మీద సంతకం పెడితే వదిలేస్తారు. దాన్ని తనాజుల్ అంటారు. పెట్టకపోతే కేసు నడుస్తుంది, అతను లోపలే ఉంటాడు. టిక్కెట్టూ వీసా పంపుతున్నాను, వచ్చి సంగతి తేల్చమన్నాడు.

నేను సంతకం పెట్టడానికి వెళ్ళలేదు. పెట్టనని మొహం మీద చెప్పడానికి వెళ్ళాను. నవంబరులో సూరిబాబు రాసిన ఉత్తరం నా జేబులో ఉంది. "ఈ కడప ఆయనతో తలుపు దగ్గర రోజూ గొడవే అన్నయ్యా. నాకు గాలి కావాలి, ఆయనకి చలి. గది మార్చుకుంటే గానీ లాభం లేదు" అని అందులో ఉంది. గొడవ పడ్డవాడు బయటినుంచి సందు మూశాడు. ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదనుకున్నాను.

మా ఆవిడ అప్పుడు బాలింత. డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. దిగులుతో పాలు ఎండిపోతాయని, జ్వరం ముదిరి నిద్రలోనే పోయాడని చెప్పాం. నిప్పు సంగతీ పోలీసుల సంగతీ ఆమె చెవిన పడనివ్వలేదు. వాడి సామాను తెచ్చుకోవడానికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరాను.

రిగ్గై: ఎనిమిది మంచాలు, పదహారు మంది

కఫీల్ ఇంట్లో దిగమని కబురొచ్చింది. ఆ ఇంటి గడప తొక్కనని చెప్పేశాను. మా మండపేట వైపు మేస్త్రీ ఒకాయన రిగ్గైలో తన గదికి తీసుకెళ్ళాడు. సూరిబాబు వచ్చిన కొత్తలో, సల్వాలో గది ఖాళీ అయ్యేదాకా, మూడు నెలలు అక్కడే ఉన్నాడట.

మూడంతస్తుల మేడలో కింది వాటా. ఒకే హాలు, ఎనిమిది ఇనప మంచాలు. వెంటిలేటర్ ఉంది, దాని నిండా చెప్పులు పెట్టుకున్నారు. పగటి డ్యూటీ వాళ్ళు ఎనిమిది మంది, రాత్రి డ్యూటీ వాళ్ళు ఎనిమిది మంది, ఒక్కో మంచానికి ఇద్దరు. మంచం ఇద్దరిదీ, దిండు మాత్రం ఎవరిది వాళ్ళది. లేచినవాడు తన దిండు తీసి గోడ మేకుకి తగిలించి పోతాడు. వచ్చినవాడు తన దిండు దింపుకుంటాడు. పడుకున్నవాణ్ణి పేరు పెట్టి లేపరు, కాలి బొటనవేలు పట్టుకుని ఒకసారి లాగుతారు. మా లాడ్జీలో ఒకరు పడుకున్న దుప్పటి ఇంకొకరికి వేస్తే కొట్లాటే. ఇక్కడ నేను పొద్దున పదింటికి పడుకుంటే పరుపు ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఎవరిదో తెలియదు. ఛీ అనుకుంటూనే పడుకున్నాను, ప్రయాణం బడలికకి ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

సాయంత్రం డ్యూటీలు మారే వేళ లేచి చూస్తే మంచాలన్నీ ఖాళీ, గోడకి పదిహేడు దిండ్లున్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. ఆ పదిహేడోది సూరిబాబుదని మేస్త్రీ చెప్పాడు. సల్వా వెళ్ళేటప్పుడు అక్కడ మంచి దిండు ఇస్తారని వదిలేసి వెళ్ళాడట. తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. గలీబు మీద మా ఆవిడ కుట్టిన మల్లెమొగ్గలున్నాయి. దించి సంచిలో పెట్టుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఎవరూ నావైపు చూడకుండా కంచాలు సర్దారు.

ఖుబ్బూస్ అనే అరబ్బు రొట్టె, పప్పు, మాగాయ పచ్చడి పెట్టారు. వీధిలో టీ తాగితే యాభై ఫిల్సులు, అంటే మన లెక్కలో రూపాయిన్నర పైమాటే. మా బస్టాండులో అర్ధరూపాయి. తింటున్నంతసేపూ అందరిదీ ఒకటే మాట, సంతకం పెట్టొద్దండి అని. కడప వైపు వాళ్ళకి కోపం ఎక్కువనీ, ముక్కు మీదే ఉంటుందనీ ఒకాయన అన్నాడు. ఓబులేసు మొహం మీరెప్పుడైనా చూశారా అని అడిగితే, లేదన్నాడు. అయినా ఆ మాట నాకు తియ్యగానే ఉంది. నా కోపానికి పదహారు మంది తోడు దొరికారు.

షర్క్: నీళ్ళ మీద పడక

పగలు మంచం దొరికింది గానీ, రాత్రికి అది హక్కుదారుడికి వదలాలి కదా. అందుకని మేస్త్రీ నన్ను షర్క్‌లో చేపల బజారు దగ్గర సత్తిరాజుకి అప్పజెప్పాడు. సత్తిరాజుది అంతర్వేది. నలభయ్యేళ్ళుంటాయి. ఒక అరబ్బు చేపల పడవ మీద వలలు బాగుచేస్తాడు. అతని కాపురం ఆ పడవలోనే. పెద్ద చెక్క పడవ, వెనకవైపు తాటాకు చాప కప్పిన గది, అందులో ఇద్దరు పడుకునే చోటు.

ఎక్కేటప్పుడు పలక మీద కాలు జారి, నా కుడికాలి చెప్పు సముద్రంలో పడింది. అమలాపురంలో ప్రయాణం కోసమని కొన్న కొత్త తోలు చెప్పులు. సత్తిరాజు గాలం వేసి వెతికాడు, దొరకలేదు. చివరికి తన నీలం ప్లాస్టిక్ చెప్పులు ఇచ్చాడు. మిగిలిన అయిదు రోజులూ కువైట్ అంతా వాటితోనే తిరిగాను. తమ్ముణ్ణి చంపినవాడి లెక్క తేల్చడానికి వచ్చిన పెద్దమనిషిని, ఫటఫటలాడుతూ నడుస్తున్నాను.

చందువ చేపని అక్కడ జుబేదీ అంటారు. కాయితంలో చుట్టి అమ్ముతారు, ధర వింటే కళ్ళు తిరుగుతాయి. సత్తిరాజు దాన్ని చింతపండు పులుసులో వండాడు. మా ఇంటి రుచి. సూరిబాబు శుక్రవారం శుక్రవారం సెలవు పుచ్చుకుని వచ్చి ఆ పులుసే తిని, మధ్యాహ్నం ఆ పడవ గదిలోనే నిద్రపోయేవాడని నేను మొదటి ముద్ద పెట్టుకున్నప్పుడే చెప్పాడు.

"గాలి కోసం వచ్చేవోరండి సూరిబాబు గారు," అన్నాడు సత్తిరాజు. "ఆ గదిలో గాలాడదండి, ఇక్కడైతే గుండెల నిండా పీలుస్తానండి అనేవోరు. ఆయ్."

ఓబులేసు ఎలాంటి మనిషని అడిగాను. ఒక్కసారే చూశాడట. సూరిబాబుతో కలిసి వచ్చి, చేప ముళ్ళు తియ్యడం రాక నానా అవస్థ పడ్డాడట. మావాడే కూర్చోబెట్టి ముళ్ళు ఏరి పెట్టాడట. గొడవ పడేవాళ్ళు ముళ్ళు ఏరి పెట్టుకుంటారా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. అనిపించినదాన్ని తోసేశాను. ఒకసారి కలిసి తిన్నంత మాత్రాన ఏమైందిలే అనుకున్నాను. సంతకం పెట్టమంటావా వద్దంటావా అని అడిగితే సత్తిరాజు వల వైపు చూస్తూ, మీ ఇష్టమండి, అన్నాడు. రిగ్గైలో పదహారు మంది చెప్పినదానికంటే ఆ మాటే ఎక్కువ చికాకు పెట్టింది.

ఎడారి: నిప్పు బయట పెట్టే గుడారం

మూడో రోజు కఫీల్ మనిషిని పంపాడు. ఆయన ఊళ్ళో లేడు. చలికాలంలో అక్కడి కుటుంబాలు ఇళ్ళు వదిలి ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. బంగళాలు, ఏసీలు, తివాచీలు ఉన్నవాళ్ళు ఇసకలో పడుకోవడానికి వెళ్తారు. మనకి డబ్బొస్తే మేడ కడతాం, వాళ్ళు డబ్బొచ్చాక కూడా గుడారం వదల్లేదు. సూరిబాబు బదులు కొత్తగా పెట్టుకున్న పంజాబీ డ్రైవరు గంటన్నర ఇసకలో నడిపాడు. వాడు కూర్చున్న సీటు మావాడిది.

కఫీల్‌ని అందరూ హజ్జీ అంటారు. డెబ్బై దాటిన మనిషి, తెల్లగడ్డం, ఒక కన్నుకి పొర. చిన్నతనంలో ముత్యాల వ్యాపారానికి బొంబాయిలో నాలుగేళ్ళున్నాడట. ఆయన హిందీ నా హిందీ కంటే బాగుంది. నా నీలం చెప్పుల్ని చూసి ఏమీ అనలేదు. గుడారంలో పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ పోయించాడు. చిన్న గిన్నెలో నాలుగు గుటకలు, చేదు, యాలకుల వాసన. మూడుసార్లు పోశాక ఇక చాలని గిన్నె ఊపాలని తెలియక తాగుతూనే పోయాను. ఏడోసారికి డ్రైవరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ముసలాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చలి ఎముకల్లోకి దిగుతోంది. గుడారం నడుమ పెద్ద ఇనప పళ్ళెంలో బొగ్గులు కణకణలాడుతున్నాయి. భోజనాలయ్యాయి. పరుపులు పరిచే ముందు ఇద్దరు మనుషులు వచ్చి ఆ పళ్ళేన్ని ఎత్తి బయట ఇసకలో పెట్టారు. చలి ఇంకా పెరిగింది. ఎందుకు తీశారని నేను అడగకముందే హజ్జీ చెప్పాడు.

"నిప్పుని లోపల పెట్టుకుని ఇక్కడ ఎవరూ పడుకోరు. నడక రాని పిల్లాడికి కూడా ఇది తెలుసు. నా వంటవాడు తనకి తెలియదంటున్నాడు. మా దేశంలో మంచం కింద పెట్టుకుంటాం అంటున్నాడు. పోలీసులు నమ్మడం లేదు. నువ్వు ఆ దేశంవాడివి. నిజం చెప్పు, మీరు అలా పడుకుంటారా?"

ఆ మాట మీద నాకు ఇల్లు గుర్తు రావాలి. రాలేదు. కాదు, వచ్చింది. పురిటి మంచం, దాని కింద కుంపటి, సాంబ్రాణి వాసన కళ్ళ ముందు మెదిలాయి. అది బాలింతలకి, మగవాళ్ళకి కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"మా దేశంలో మగవాళ్ళెవరూ అలా పడుకోరు," అన్నాను.

ముసలాయన బొగ్గుల మచ్చ పడ్డ చోటువైపు చూశాడు. అయితే సంతకం అడగనన్నాడు. పోలీసులకి కూడా ఈ మాటే చెప్పమన్నాడు. ఆయనకి కావలసింది వంటవాడే అనుకుని వచ్చాను. అబద్ధం చెప్పే వంటవాడు నాకు వద్దు అన్నట్టు దుప్పటి కప్పుకున్నాడు. నేను గెలిచాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది, ఆ సంగతి దాచను.

సల్వా: గోడ వారన గది

ఠాణాకి వెళ్ళేది మర్నాడు కాక ఆ పైరోజు. ఈలోపు సూరిబాబు పెట్టె తీసుకోవాలి. తొక్కనన్న గడపే తొక్కాల్సొచ్చింది. హజ్జీ కూడా పనుందని మాతోనే ఊళ్ళోకొచ్చాడు.

సల్వాలో ఇళ్ళు పెద్దవి, గోడలు ఇంకా పెద్దవి. ఆ ఇంటి వెనక, కారు షెడ్డు పక్కన, సిమెంటు ఇటుకల గది. పది అడుగులు, ఎనిమిది అడుగులు. తలెత్తి చూశాను. వెంటిలేటర్ లేదు. కిటికీ లేదు. ఏసీ ఉండాల్సిన చోట కన్నం ఉంది, చలికాలమని ఏసీ తీసేసి దానికి చెక్క కొట్టి, చుట్టూ సిమెంటు పూశారు. నా లాడ్జీలో బొగ్గుల కొట్టుకి కూడా ఇంతకంటే గాలి ఉంటుంది. సూరిబాబు ఉత్తరాల్లో "గది బాగుంది అన్నయ్యా, తలుపు కొత్తది" అని రాసేవాడు. తలుపు కొత్తదే. అందుకే అంత బిగువు.

వాడి మంచం తీసి బయట గోడకి చేరేశారు. లోపల మిగిలింది ఓబులేసు మంచం ఒక్కటే.

రవణమ్మ అన్నం తెచ్చింది. ఓబులేసుకి అక్క. ఆ ఇంట్లోనే పనిమనిషి, తమ్ముణ్ణి ఆ ఇంటికి రప్పించింది ఆమే. యాభై ఉంటాయి. కళ్ళు వాచి ఉన్నాయి. అన్నం, చెనక్కాయల ఊరిబిండి అనే పచ్చడి, మజ్జిగ. కారం నషాళానికంటింది. నేను గుటకలు మింగుతుంటే మజ్జిగ ఇంకొంచెం పోసింది. బతిమాలుతుందని ఎదురుచూశాను. బతిమాలితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె కంచం తీసుకుని లేచింది. ఉండబట్టలేక నేనే, నీ తమ్ముడి కోసం ఏమీ అడగవా అన్నాను.

"ఏం మొగం పెట్టుకోని అడిగేది సామీ," అంది. "నీ తమ్ముడు పాయె. నా తమ్ముడు బతికుండాడు. నేనడిగితే బాగుంటాదా?"

లోపలినుంచి మామా పిలుస్తోందని వెళ్ళిపోయింది. ఇంటావిణ్ణి అక్కడి పనివాళ్ళు మామా అంటారు.

మధ్యాహ్నం ఆ ఊళ్ళో అందరూ నిద్రపోతారు. వీధిలో పిట్ట కూడా కదలదు. నడుం వాల్చాలని ఓబులేసు మంచం దగ్గరికెళ్ళాను. వెళ్ళి, అలవాటు కొద్దీ, పరుపెత్తాను.

ఉత్తరం ఉంది. మా లాడ్జీ రసీదు కాగితం. పైన లాడ్జీ పేరు అచ్చులో, కింద నా దస్తూరీ.

తలుపు తీసి పెట్టుకుని, వెలుతుర్లోకొచ్చి చదివాను. ఆ ఉత్తరం ఇప్పుడు నా దగ్గర లేదు, కానీ మాట పోకుండా చెప్పగలను.

"చిరంజీవి సూరిబాబుని ఆశీర్వదించి రాయునది. మీ వదినకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. నీకు రొంపా దగ్గూ తగ్గడం లేదని రాశావు. మీ వదిన పక్క మీదినుంచే పోరుపెడుతోంది, ఇది తప్పకుండా రాయమని. ఆమెకి పెట్టినట్టే నువ్వూ పడుకునే ముందు మంచం కింద కుంపటి పెట్టించుకో. తలుపు కింద సందులుంటే ఎవరిచేతైనా బయటినుంచి గోనె కుక్కించు, ఈదురుగాలి రాదు. మూడు రోజులు అలా చేస్తే రొంపా జ్వరం ఏదైనా పోతుందని చెప్పమంది. అశ్రద్ధ చెయ్యకు."

రాశాను. పురిటి హడావిడిలో, కౌంటరు దగ్గర, ఎవరికో గది తాళం ఇస్తూ రాశాను. పోస్టులో వేసి మర్చిపోయాను, కఫీల్ ఉత్తరంలో కుంపటీ గోనే అని చదివినప్పుడు కూడా గుర్తు రాలేదు. మాది పెంకుటిల్లు. పడుకుని పైకి చూస్తే పెంకుల సందుల్లో ఆకాశం కనిపిస్తుంది. అక్కడ మంచం కింద కుంపటి పెడితే వెచ్చగా ఉంటుంది, అంతే. ఊరూరా గదుల్లో వెంటిలేటర్లు వెతికే మనిషిని, మా తమ్ముడి గదికి వెంటిలేటర్ ఉందా అని ఒక్క ఉత్తరంలోనైనా అడగలేదు.

ఆ రాత్రి తలుపు బార్లా తీసి పెట్టుకుని ఆ గదిలోనే పడుకున్నాను. నిన్న గుడారంలో నేను అన్న మాట చెవుల్లో మోగుతూనే ఉంది. మావాడు నా మాట విని పోయాడు. ఇంకొకడు నా మాట వల్ల జైల్లో ఉండబోతున్నాడు.

మర్నాడు పొద్దున హజ్జీ బయటి గదిలో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు కింద కూర్చుని, ఉత్తరం ఒక్కో వాక్యం హిందీలో చదివాను. ఆయన ఆపమనలేదు.

"ఎవరు రాశారు ఇది?"

"నేను."

"మొన్న నన్నడిగితే మీవాళ్ళు అలా పడుకోరన్నావు."

"అన్నాను. అది అబద్ధం. మావాళ్ళు పడుకుంటారు."

ఆయన ఆ కాగితం తీసుకుని, తెలుగు రాకపోయినా, పొర పట్టిన కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి అబా అనే పై అంగీ భుజాన వేసుకుని, యల్లా, పద, అన్నాడు. కారు తియ్యమన్నాడు.

ఠాణా

పోలీసు ఠాణాలో హజ్జీయే మాట్లాడాడు. ఉత్తరం ఫైలులో పెట్టుకున్నారు, అందుకే నా దగ్గర లేదు. అరబ్బీలో రాసిన కాగితం ముందు పెట్టారు. క్షమించాను అని రాసి ఉందని చెప్పారు. ఎవరు ఎవర్ని క్షమించాలో ఆ కాగితం రాసినవాడికి తెలియదు. సంతకం పెట్టాను, వేలిముద్ర కూడా వేశాను. ఖలాస్, అయిపోయింది అన్నాడు గుమాస్తా. మిగతా కాగితాలు పూర్తయ్యాక రెండు మూడు రోజుల్లో వదులుతామన్నారు.

ఓబులేసుని చూస్తానని అడిగాను. నడవా చివర బెంచీ మీద కూర్చోబెట్టారు. సన్నటి మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, గడ్డం మాసిపోయింది. నేనెవరో చెప్పక్కర్లేకపోయింది. మొహం పోలిక పట్టినట్టున్నాడు, లేచి నా కాళ్ళవైపు వంగబోయాడు. భుజాలు పట్టుకుని ఆపాను.

ఉత్తరం దొరికిందని చెప్పాను. అతని మొహం పాలిపోయింది. పోలీసులకి ముందే ఎందుకు చూపించలేదని అడిగాను. నెల రోజులుగా లోపలున్నావే, ఆ ఒక్క కాగితం చూపిస్తే నమ్మేవాళ్ళు కదా అన్నాను.

"వాళ్ళు నమ్ముతారు గానీ అన్నా," అన్నాడు, "ఆ మాట మీ ఇంటికి రాకుండా ఉంటాదా? ఆ పొద్దు సూరికి కండ్లు మంటలని నేనే చదివి ఇనిపిస్తి. వదినమ్మ చెప్పిందంటే చెయ్యాల్సిందే ఓబులన్నా, అని నగినాడు. ఎన్నాళ్ళో తలుపు కాడ కొట్లాడినోడు, ఆ పొద్దు మాత్రం తనే ముయ్యమన్యాడు. నిప్పు పెట్టింది నేను గదా. పోలీసోల్లు వచ్చే లోపల జాబు పరుపు కింద పెడ్తి. ఆయమ్మ బాలింత. ఇది ఇన్నిందంటే బతుకుతాదా?"

ముక్కూ మొహం తెలియని మనిషి, మా ఆవిణ్ణి ఒక్కసారైనా చూడని మనిషి, ఆమె కోసం నెల రోజులు నోరు మూసుకుని కూర్చున్నాడు. నేను ఇతని మొహం చూడకముందే ఇతన్ని హంతకుణ్ణి చేశాను. నన్ను క్షమించమన్నాను. చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆయమ్మకు తెలుసునా?" అని అడిగాడు.

తెలియదన్నాను.

"తెలియనీయొద్దు," అన్నాడు.

అమలాపురం

బొంబాయి మీదుగా ఇంటికొచ్చాను. నీలం చెప్పులు గుమ్మం దగ్గర విప్పాను. అవేమిటని అడిగి, నవ్వకుండానే పక్కన పెట్టింది మా ఆవిడ. పెట్టె విప్పాం. వాడి చొక్కాలు, లైసెన్సు, ఒక టేపు రికార్డరు. అడుగున, కాగితంలో చుట్టి, పసిపిల్లకి ఉన్ని టోపీ, చేతులకి చిన్న ఉన్ని సంచులు ఉన్నాయి. ఆడపిల్ల పుట్టిందన్న ఉత్తరం అందాక జ్వరంతోనే వెళ్ళి కొని ఉండాలి. అంటే ఆ ఉత్తరం అందినరోజే. మా ఆవిడ ఆ సంచుల్ని చేతికి తొడుక్కోబోయింది. రెండు వేళ్ళే పట్టాయి.

కాసేపు ఏడ్చాక కళ్ళు తుడుచుకుని అడిగింది, అక్కడ చలి ఎలా ఉందని. బాగానే ఉందన్నాను. గది ఎలా ఉందని అడిగింది. తలుపు కొత్తదన్నాను. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"నేను రాయమన్నది రాశారా, కుంపటి సంగతి? వాడికి అందిందా?"

నాకు ఆ సిమెంటు గది కనిపించింది, నడవా చివర బెంచీ కనిపించింది. పిల్ల ఒళ్ళో పాలు తాగుతోంది.

"మర్చిపోయాను," అన్నాను. "పుట్టిన కబురు రాశాను గానీ, అది మర్చిపోయాను."

అంత పోరుపెట్టి చెప్పాను కదా, ఒక్క ముక్క రాయడానికి చేతులు పడిపోయాయా అంది. మూడు రోజులు వెచ్చగా పడుకుని ఉంటే ఆ జ్వరం దిగిపోయేది, మీ మతిమరుపు నా పిల్లాణ్ణి పొట్టన పెట్టుకుంది అంది. అవునన్నాను.

ఓబులేసు ఆ నెలాఖరుకి విడుదలయ్యాడు, హజ్జీ ఇంట్లోనే వంట చేశాడు. ఏడాదికొక కార్డు రాసేవాడు, కుశలం అడుగుతూ, ఇంకేమీ లేకుండా. నేను మా లాడ్జీలో పదకొండు గదులకీ రెండో వెంటిలేటర్ కొట్టించాను. ఎందుకని ఎవరడిగినా గాలికి అని చెప్పాను.

మా ఆవిడ పోయిన కార్తీకంలో కన్నుమూసింది. అప్పటిదాకా, ప్రతి ఏడూ చలి మొదలై దుప్పట్లు దించినప్పుడల్లా, ఆ మాట అంటూనే ఉంది. మీరు రాసి ఉంటే వాడు బతికేవాడు అని. నేను రాయలేదనే ఒప్పుకుంటూ వచ్చాను.